నంబరు చెరువు

రైవస్ కాలవ పక్కన ఐసు ఫ్యాక్టరీలో
చిట్టా రాస్తాను నేను. దిమ్మకింత, లారీకింత.
మే నెల. బయట బెజవాడ పెనమెక్కి కూర్చుంది.
లోపల అమోనియా ఘాటు, ఊక, తడి గోనెలు.
జకరయ్య డబ్బా వంచితే
దిమ్మ జారి పడుతుంది
నడుమ తెల్లటి ఎముకతో.
"అది గాలమ్మా," అంటాడు,
"బయటికి రాలేక గడ్డకట్టిన ఊపిరి."

పదకొండేళ్ళు సర్వే వాళ్ళకి వండిపెట్టాడు
లడాఖులో, రోడ్డు ఆగిపోయాక ఆరు రోజుల నడక.
నీళ్ళు మరుగుతాయట, మెతుకు మాత్రం మెత్తబడదట.
గోంగూర మీద నూనె
మైనమై కూర్చునేదట.

అక్కడో చెరువు.
మూడు పక్కలా కొండ.
నాలుగో పక్క,
మంచు వెనక్కి నడిచిపోతూ
వదిలేసిన రాళ్ళ కుప్ప. అదే గట్టు.
సున్నం లేదు, సిమెంటు లేదు,
తాపీ పట్టినవాడు లేడు.

"నీళ్ళు ఏ రంగు?"
"మజ్జిగలో మైలుతుత్తం కలిపినట్టు.
మంచు తిరగలమ్మా. కొండని విసురుద్ది.
ఆ పిండి మునగదు, తేలదు."

"చేపలు?"
చేపల లారీలకి బిల్లు రాసే చెయ్యి కదా, అడిగింది.
"ఉహూ. ఆ పిండిలో ఎండ దిగదు, నాచు పట్టదు.
ఒడ్డున మాత్రం చిటికెన వేలంత గడ్డి,
గడ్డి కింద పురుగులు,
పురుగుల కోసం జక్కవలు."

జక్కవలా!
పద్యాల్లో చదివాను,
పొద్దుగూకితే జంట విడిపోతుందని.
"ఎవరమ్మా చెప్పింది?
రాత్రికి సున్నా కింద పదిహేను.
ఒకే బొరియలో ఒదిగి పడుకుంటాయి.
విడిపోతే తెల్లారేసరికి
రెండు దిమ్మలే."

కింద పదహారిళ్ళ ఊరు.
బార్లీ మళ్ళకీ, జడల బర్రెలకీ ఆ నీళ్ళే.
వంతులు చెప్పేది రిగ్జిన్ అనే ముసలామె,
మన కాలవ లస్కరు లాగే
పార ఒక భుజాన, కోపం ఒక భుజాన.

"ఇవి మా కృష్ణలో కలుస్తాయా సార్?"
ఆఫీసరు నవ్వాడట.
"మీ కృష్ణ మంచు మొహం చూడలేదయ్యా,
దానికి తల్లీ తండ్రీ మబ్బే."

ఏటా నీటి అంచున ఇనప బద్ద పాతేవాళ్ళు.
మరుసటేడు చూస్తే అది
మోకాల్లోతు లోపల.
జకరయ్య సంబరపడ్డాడు.
చెరువు నిండితే సంబరపడే ఊళ్ళ నుంచి పోయినవాడు మరి.
రిగ్జిన్ అతని మొహం చూసి
చేతిలో గంటె లాక్కుంది.
గంటెతో పైన మంచుని చూపింది,
రాళ్ళ కుప్పని చూపింది,
కింద ఊరిని చూపింది,
గంటెడు నీళ్ళు నేల మీద ఒంపింది.

ఇద్దరికీ భాష రాదు. అర్థమైంది.

ఆ కథ సగంలో కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి ఊరుకుంది.
చీకట్లో దిమ్మలు కారడం మొదలుపెట్టాయి.
చల్లటి నీళ్ళు గడప దాటి
నా చెప్పుల్లోకి వచ్చాయి.

"గట్టు తెగిందా?"
"తెలీదమ్మా. నేనొచ్చేశాక చెప్పినోళ్ళు లేరు.
దానికి పేరు కూడా లేదు, ఫైల్లో నంబరే.
నంబరు తెగితే పేపర్లో ఏమని రాస్తారు?"

జనవరిలో ఒక ఆదివారం
చర్చి నుంచి నేరుగా వచ్చి తలుపు కొట్టాడు.
మోపెడ్ మీద బ్యారేజీ దిగువకి తీసుకెళ్ళాడు.
ఇసక తిన్నె మీద
ఇటికపొడి రంగులో నాలుగు.
రెండు మేస్తున్నాయి. రెండు ఊరికే నిలబడ్డాయి,
అలసిపోయినట్టు.

"ఆ చెరువువేనా?"
"ఏమో. అడుగుదామంటే
నాకొచ్చిన హిందీ వాటికి రాదు."
కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని
చాలాసేపు చూశాడు.

మర్నాడు చిట్టాలో
పెద్ద దిమ్మలు నూటనలభై,
ముక్కలు ఇరవై రెండు బస్తాలు,
ఆ కింద, జక్కవలు నాలుగు.

ఓనరు గారు కళ్ళజోడు సవరించుకున్నారు.
"ఇవి ఎవరి ఖాతా?"