పగులు మొదటి ఫొటోల

మా బాపు ఎనుమాముల మార్కెట్ల దడువాయి.
ముప్పై ఏండ్లు మిర్చి బస్తాలను కాంటా ఎక్కించి
అంకె చెప్పి బతికినోడు.
అంకె చెప్పేటప్పుడు తప్ప
ఎప్పుడు చూసినా తుమ్ముతనే ఉండేటోడు.

ఆయనకు సద్ది పట్టుకపోయి
బస్తాల సందుల నిలబడి నేను వేలం చూసేదాన్ని.
ఖరీదుదారు గుప్పెడు తీసి, నలిపి, వాసన చూసి
ఒక మాట ఇసిరేసి ముందుకు నడిచేటోడు.
రైతు ఆ మాట వెనుక కొంచెం దూరం ఉరికేటోడు.

ఇప్పుడు నేను వేలం పెడుతున్న.
శివనగర్ల మేడ మీద ఒక్క అర్ర.
కిటికీ కాడ వెలుతురు తొమ్మిదింటి దాకే,
తర్వాత పక్కింటి నీళ్ల ట్యాంకి అడ్డమొస్తది.
పెట్టుబడి, చీటీ ఎత్తిన పైసలు:
ఇరవై వేల చీటీ, మూడు వేలు పాటల పోగొట్టుకొని.
సరుకు, కాశిబుగ్గ పాత సామాన్ల కొట్ల
కిలో లెక్కన ఏరుకొచ్చింది.
మూత లేని పాందాను,
చెవి పోయిన తాళంకప్ప,
మిల్లు బందైనంక ఎవరి ఇంట్లనో మిగిలిన కట్టె కండెలు,
ఒక ఇత్తడి సోల.

సోలకు మొదటి పాట నూటొక్క రూపాయి అని పెట్టిన.
ఏడు రోజుల గడువు.
ఆరు రోజులు ఎవరూ పలకలే.
చూసినోళ్లు పద్నాలుగు మంది అని ఫోన్ చెప్పింది,
అండ్ల పదకొండు మార్లు చూసింది నేనే.
ఏడో రాత్రి, ఇంక రెండు నిమిషాలుందనంగ,
ముఖం తెలువని ఇద్దరు
చప్పుడు లేకుంట కొట్లాడుకున్నరు.
ఆరువందల నలభై.
కుక్కర్ల పప్పు మాడింది.

పోస్టాఫీసు కౌంటరు కాడ జగదీశ్వర్ సారు అడిగిండు,
"లోపల ఏమున్నదమ్మా?"
"సోల."
"సోలల?"
"ఏం లేదు సార్."
ఉత్తగున్నదాన్ని తూకమేసి
ఎనభై రెండు రూపాయలు తీసుకున్నడు.

మూడో నెలల ఒక జాడీ తిరిగొచ్చింది.
మూతి కాడ వెంట్రుకంత పగులుండె.
ఫొటో తీసేటప్పుడు దాన్ని గోడ దిక్కు తిప్పిన.
అబద్ధం ఆడలే, తిప్పిన, గంతే.
ఒక్క చుక్క ఇచ్చిండు ఆ కోయంబత్తూరాయన.
రానుపోను ఖర్చు నా మీదనే పడ్డది.

బాపు జాడీని ఒళ్లె పెట్టుకొని
పగులును గోరుతోని గీకిండు చానాసేపు.
"మీద ఎర్రటివి, కింద తాలు.
గుమ్మరించినంక తెలిసేదే గదా బిడ్డా" అన్నడు.
ఇంకేదో అనబోయి తుమ్మిండు.

తర్వాత, అడగకుంటనే:
"ఒకపారి నేను బస్త కింద కాలివేలు పెట్టిన.
ఖరీదుదారు సైగ చేసిండని.
కిలో ముప్పావు తక్కువ చూపింది ముల్లు.
మేకల లచ్చుమల్లు, ఆత్మకూరు దిక్కాయన.
నాకు దండం పెట్టి పోయిండు."

నేను దీపం ఆర్పలే. ఆయనా పండుకోలే.

తెల్లారి జాడీని మళ్ల పెట్టిన.
పగులు మొదటి ఫొటోల.
కింద రాసిన: మూతి కాడ పగిలింది,
తొక్కులకు పనికిరాదు,
చూసుకోనీకె పనికొస్తది.
కొన్నదానికంటె నలభై తక్కువకు పోయింది.
పోతే పోయింది.

ఇప్పుడు ప్రతి సొట్ట పక్కన, ప్రతి గీత పక్కన
కొలతకు బాపు బొటనవేలు ఉంటది,
గోరు కింద కారం మరక
పింఛన్ కొచ్చినా వదలనిది.
మొన్న ఒకామె రాసింది:
వస్తువు బాగుంది, ఆ వేలు లేని ఫొటో ఉందా?

లేదని రాసిన.
తొమ్మిది కావస్తున్నది.
"బాపూ, కొంచెం ఇటు జరుపు" అంటే
ఊపిరి పట్టిండు,
అంకె చెప్పేటప్పటి లెక్క.