చినగకముందే మాసిక

మిర్యాలగూడ బైపాసు మీద, మూతపడ్డ రైసుమిల్లుల
ఇంకా ఊక వాసన పోని గోదాములో
ఇటుకల మీద ముక్కు ఆనిచ్చి
రెండు సీట్ల విమానం ఒకటి కూసున్నది.

మట్టయ్య సారు పాలిటెక్నిక్‌ల పాఠాలు చెప్పి రిటైరయిండు.
పదకొండేండ్లు కట్టిండ్రు దీన్ని,
సగం ఆయన, సగం మా ఉస్తాద్ లాలూమియా.
నేను లారీ బాడీలకు రేకు కొట్టెటోన్ని.
ఉస్తాద్ పోయినంక ఆయన కత్తెర నాకొచ్చింది,
కత్తెరతోని పాటు ఈ పని.

"జానయ్యా, గడియారాలు తీసేస్తున్న" అన్నడు సారు.
ఎత్తు చెప్పేది, వేగం చెప్పేది, వాలు చెప్పేది,
ఒక్కొక్కటి చాయ్ సాసరంత.
వాటి జాగల ఒక్కటే తెర, పదంగుళాలది.
ఇంకా ప్లాస్టిక్ కాయితం ఒలవలేదు,
మనవడు ముట్టకుండ బీరువ మీద పెట్టిండట.
దిక్సూచిని మాత్రం తియ్యనియ్యలె.
"కరెంటు పోతె?" అన్నడు.
మా తాన అది అడగాల్సిన మాటే.

అట్టముక్క కోసి ఆనిచ్చి చూసినం.
ఎడల్పు సరిపోయింది. లోతు సరిపోలె.
తెర ఈపుకు నాలుగంగుళాలు కావాలె,
ఆడ నిలువుగ ఒక పక్కటెముక అడ్డమున్నది,
అట్టంత మందం గూడ లేని రేకు.
"అదెంత సారూ, కత్తెరకు రెండు కొరుకులు" అన్న.

పెడల్ల నడుమ తల, సీటు అంచు మీద నడుము,
నోట్ల టార్చి పెట్టుకొని ఎల్లెలకల పండి చూస్తె
పక్కటెముక మీద పెన్సిలు రాత.
ఉస్తాద్‌కు తెలుగు రాసుడు సక్కగ రాదు,
ఒత్తులన్నీ ఆయన చేతిల జారిపోయేటియి.
"ఇకడ కోయకు. బరూ ఇదే మోస్తది."
ఎవలికి రాసిండో.
నేనప్పటికింక కిందపడ్డ రివెట్లు ఏరే పోరన్ని.

సారు లెక్కల పుస్తకం తీసిండు. మూడు రాత్రులు.
ఇంజను గుంజుడు, నేల తాకినప్పుడు
ముక్కుచక్రం తన్నుడు, అడ్డగాలి
అన్నీ బాణం గుర్తులయి ఆ రేకుకెల్లే పోతున్నయి,
సాగరు కాల్వ నీళ్లు ఒక్క తూముకెల్లి పోయినట్టు.
"కొయ్యనే వద్దనలె ఆయన.
నీళ్లకు వేరే తొవ్వ చూపకుండ తూము ముయ్యొద్దన్నడు."

అది నాకు తెలిసిన ఇద్దెనే.
పాతగోడకు దర్వాజ తియ్యాలంటె
ముందు మీద బద్దె ఎక్కియ్యాలె, ఆ తర్వాతనే గడ్డపార.
మా అమ్మయితె కొత్త బొంతకు
రాపిడయ్యే మూలలు చూసి
చినగకముందే మాసిక ఏసేది.
వాడకట్టంత నవ్వేది.
ఆ బొంత ఇంక ఉన్నది.

రెండు పక్కల రెండు కొత్త ఎముకలు ఒంచినం,
కింద కోణం పట్టీ.
మూలలన్నీ గుండ్రంగ రుద్దినం,
సూదిమూల ఉంటె పగులు ఆన్నుంచే మొదలయితది.
నూటా పన్నెండు రివెట్లు.
ఒకటి వంకర పోయింది. సారు చూడలె.
నేనే చెప్పి, డ్రిల్లుతోని తీసి, మళ్ల కొట్టిన.

అప్పుడు కత్తెర.
ముక్క చేతికొచ్చినంక టార్చి పట్టి చూసిన,
రాత రెండయింది.
"ఇకడ కోయకు" నా చేతిల ఉన్నది.
"బరూ ఇదే మోస్తది" ఆడ్నే, రేకు మీదనే.
చేతిల ఉన్నదాన్ని అంగి జేబుల పెట్టుకున్న,
అంచు గీరుకుంటుంటది, పోనీ.

తెర బిగిచ్చినం. మీట నొక్కినం.
మీద నీలం, కింద చెలక మట్టి రంగు,
నడుమ తెల్లగీత.
గీత కుడికి వాలింది.
సాఫ్ట్‌వేరు తప్పు అనుకుంట సారు
అద్దాలు పైకి జరిపి కాయితాలు తిప్పుతుండు.
నేను కిందికి చూసిన.
ఎడమ టైరుల గాలి లేదు.

సైకిలు పంపు తెచ్చి కొడుతున్న.
మోకాళ్ల కింద ఊక ఇంక మెత్తగనే ఉన్నది.
లోపట్నుంచి సారు, చిన్నపిల్లగాని లెక్క
"లేస్తున్నది జానయ్యా, లేస్తున్నది,
ఇంగ జెర్ర..."