ఒక్క ముడి

మిడిల్స్‌బరోలో జనవరి. మూడున్నరకే చీకటి.
టీస్ నది మీద ఇనుప వంతెన
మంచులో సగమే ఉంది.
ల్యాబులో నేనూ, నోరీన్ హార్కరూ,
మధ్యలో చెంబంత ఉక్కు పాత్ర.

పొద్దున్నే తూకం వేశాను:
కాఫీపొడి రంగు పాలిమర్ పూసలు, ఆవగింజలో సగం.
ఒక్కో పూస పొరల్లో పల్లేడియం రేణువులు,
కంటికి ఆనవు.
దగ్గరికి చేరనిస్తే ఒకదాన్నొకటి మింగేసి
నల్లటి మసిలా అడుగున పడుకుంటాయి.
పట్టు వదిలితే ద్రావకంలో కొట్టుకుపోతాయి.
పూస వాటిని పట్టుకోవాల్సింది
కోడిపిల్లను పట్టుకున్నట్టు.

పని చెప్పడానికి తేలిక.
నీళ్ళలా కనబడే ఆ ద్రవంలో
రెండు కార్బన్ల నడుమ మూడు ముళ్ళు.
ఒక్కటే విప్పాలి.
రెండోదీ విప్పావో,
మైనం వాసన కొట్టే మామూలు ఆల్కహాల్.
పదిసార్లు అదే మిగిలింది.
పదకొండోసారి కూడా.
హైడ్రోజన్‌కి చాలు అనడం రాదు,
విస్తరి ముందు కూర్చున్న మా పెదబావగారిలాగే.

"మూడు ముళ్ళ సంగతి నీకు తెలిసే ఉండాలే" అంది నోరీన్.
మా పెళ్ళిళ్ళ గురించి ఎప్పుడో నేనే చెప్పాను.
తెలుసు.
నావి మూడూ లీడ్స్ కోర్టులో
ఒకే మధ్యాహ్నం విప్పేశారు.
అది వేరే రసాయనం.

ప్రెషర్ ముల్లు దిగుతోంది.
నాలుగు బార్లు. మూడు. రెండున్నర.
గీత వంపు తిరిగే చోటు ఒకటుంటుంది, అక్కడ ఆపాలి.
అక్కడికి వచ్చామని
దాటాకగానీ తెలియదు.

నోరీన్ ముల్లు వైపు చూడదు.
బిల్లింగ్‌హామ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు
చెవులతో పనిచేసిన మనిషి.
తల కాస్త వంచి, టీ కప్పు బల్ల మీద పెట్టి,
"ఇప్పుడు" అంది.

వాల్వు కట్టేశాను.
వడగట్టి, ఆరనిచ్చి, కాగితం మీద ఒక్క చుక్క.

అప్పుడే కోసిన పచ్చిగడ్డి!
నోరీన్ కళ్ళు మూసుకుంది.
"జూన్ నెల. శనివారం. మా నాన్న
క్రికెట్ మైదానం చదును చేస్తున్నాడు."
నాకు గడ్డి కాదు.
పచ్చి చిక్కుడుకాయకి ఈనె లాగినప్పుడు
గోటి కింద మిగిలే వాసన.
ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తొంభై ఆరా, తొంభై ఎనిమిదా,
లెక్క రేపు యంత్రం చెబుతుంది.
ఫిల్టరు మీద పూసలు తడిగా, అదే రంగులో.
నల్లబడలేదు.
కడిగి ఆరబెట్టాను.
రేపు మళ్ళీ వాటికే పని.