తొడిమ పైకి, తొడిమ కిందికి

ఏటుకూరు రోడ్డులో మే నెల.
ఎండ రోడ్డు మీద కాదు, రోడ్డు లోపలే ఉంది.
కోల్డ్ స్టోరేజీ తలుపు తీస్తే
గుంటూరు మొత్తం ఒక్క ఊపిరి పీల్చి
ఒక్క తుమ్ము తుమ్మింది.

"ఆరు డిగ్రీలు," అన్నాడు కాలేషా
కంప్రెసర్ మీద చెయ్యి వేసి, గేదె వీపు నిమిరినట్టు.
"మీ ల్యాబులో ఎంతమ్మా?"

ఇక అంతకన్నా చల్లన లేదనే చోటు ఒకటుంది కాలేషా,
ఒక్క డిగ్రీని కోటి ముక్కలు చేసి
అందులో ఒక్క ముక్క ఎత్తున
దానికి పైన ఆగుతాం.
నవ్వాడు. "అమ్మోనియా ఎంత పడుద్ది?"
అమ్మోనియా కాదు. వెలుతురు.
వెలుతురుతో కొట్టి చల్లారుస్తాం.
ఈసారి నవ్వలేదు.
తలుపు సందులోంచి బయటి ఎండని చూశాడు,
నా వంక చూశాడు,
నూనె డబ్బా తీసుకుని అవతలికి పోయాడు.

మార్తమ్మ మాత్రం పోలేదు.
వసారాలో తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండా
"చల్లార్చి ఏం చేస్తారు?" అంది.
సూదంటురాయి చేస్తాం.
"ఇనుంతోనా?"
ఇనుము లేకుండా.
నిజం రాయి కాదు, దాని వేషం.
పరమాణువులు కడతాయి.

ఎదురు కొట్లో కోడిగుడ్ల అట్ట అడిగి తెచ్చాను.
వెలుతురుకి వెలుతురు ఎదురొస్తే
ఏమీ లేని చోట ఇట్టాంటి గుంటలే పడతాయి,
గుంటకొక పరమాణువు.
దాని బదులు గుంటకొక మిరపకాయ.
తొడిమ పైకి. పక్కది తొడిమ కిందికి.
పైకి, కిందికి,
ఇరుగుకి పొరుగు గిట్టని వీధి.
ముప్పై కాయలకి అట్ట నిండింది.

"ఇంతేనా? దీనికి అంత చలి దేనికి?"
వేడి తగిలితే కుదిపిన టిక్కీలా కలగలిసిపోతాయి.
"లెక్క వేసుకోవచ్చు గదా, కంప్యూటర్లున్నాయి గదా?"
ఈ ఒక్క అట్టకే, మార్తమ్మా,
నూట ఏడు కోట్ల వరసలు.
ఇంకో పది కాయలు కలిపితే లక్ష కోట్లు దాటుద్ది.
పైగా అవి ఒక్క వరసలో నిలవవు,
అన్నిట్లోనూ కొంచెం కొంచెం ఉంటాయి.
అందుకని లెక్క మనం వెయ్యం.
వాటినే వేసుకోమని, తొంగి చూస్తాం.
చూడగానే చెదిరిపోతాయి.
మళ్ళీ మొదట్నుంచీ చల్లార్చాలి.
"రోజుకి ఎన్నిసార్లు?"
రెండు వేలు.
"మా టిక్కీలే నయం."

అసలు చిక్కు అక్కడ లేదు.
సుద్దముక్కతో నేల మీద ముక్కోణం గీశాను.
మూడు మూలలు, మూడు కాయలు,
ప్రతిదీ మిగతా రెంటికీ ఎదురు తిరగాలి.
ఒకటి పైకి. ఒకటి కిందికి.
మూడోది?
పైకంటే మొదటిదాంతో తగువు,
కిందికంటే రెండోదాంతో.
నాలుగేళ్ళు పోయాయి నాకు
ఆ మూడోదాని దగ్గర.

మార్తమ్మ చేతులు చీరకి తుడుచుకుంది.
మూడు కాయల్నీ పడుకోబెట్టింది,
తొడిమలు లోపలికి, మొనలు బయటికి,
ఫ్యాన్ రెక్కల్లా.

"ఒక్క పొయ్యి దగ్గర మేం ముగ్గురు తోడికోడళ్ళం.
ఎదురెదురుగా కూర్చుంటే పోట్లాట.
ఒకే వైపు కూర్చుంటే మోచేతులు.
ఇట్టా కూర్చున్నాం, పదకొండేళ్ళు.
ఒకళ్ళ మొహం ఒకళ్ళకి సగమే కనపడేది."

అవి పడుకోవు మార్తమ్మా, పైకో కిందికో అంతే,
అని చెప్పబోయి ఆగాను.
పడుకోనివ్వంది నేనే గదా.

కరెంటు పోయింది.
లోపల ఎక్కడో కాలేషా
జనరేటర్ని పేరు పెట్టి తిడుతున్నాడు.
మార్తమ్మ మూడు కాయల్నీ ఏరి
తొడిమలు తుంచి కుప్పలో వేసింది.
ఇక వాటికి ఏది పైనో, ఏది కిందో.

కొట్టువాడు అట్ట వాపసు తీసుకోలేదు,
కోరు పట్టిందని.
ఇప్పుడది ల్యాబులో, లేజర్ బల్ల కింద ఉంది.

ఆగస్టులో ఒక రాత్రి మూడింటికి
తెర మీద మచ్చలు తేలాయి.
మూడూ మూడు వైపులకి వాలినట్టే ఉన్నాయి.
లేకపోతే నిద్రకళ్ళు.
తుమ్మొచ్చింది.
కళ్ళు తుడుచుకుని
మళ్ళీ చల్లార్చడం మొదలుపెట్టాను.