ఎడమ పక్కే అనుకున్నాను

అరవై దాటితే చాలు,
కారు కింద ఎవరో రాగులు విసురుతున్నట్టు
ఒకటే గుర్రు.

ఎడమ చక్రమే అన్నాను.
మెకానిక్కు నాలుగు వేలడిగాడు.
అదేమంత విద్య, నేనే వేసుకుంటాలే అన్నాను.

గ్రీమ్స్‌పేట సందులో ఆదివారం పొద్దున
వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టాను.
కస్తూరి నైటీ మీద తువ్వాలు కప్పుకొచ్చి
బ్రేకు తొక్కిపట్టి కూర్చుంది,
చేతిలో చిక్కుడుకాయల గిన్నెతో.

పదహారేళ్లుగా కదలని నట్టు.
స్పానరుకు బోరు పైపు ముక్క తొడిగి
ఆ చివరన ఎక్కి ఎగిరాను.
టక్కుమంది.
నట్టో, నా నడుమో
కాసేపు ఇద్దరికీ తెలియలేదు.

చెంగల్రాయుడు అంగట్లో కొన్న కొత్త బేరింగు
రాత్రి నుంచీ ఫ్రీజరులో ఉంది,
పచ్చిబటానీల పక్కన.
చలికి ఇనుము ముడుచుకుంటుంది,
వెంట్రుకవాసి.
ఆ వెంట్రుకవాసి కోసం
ఇంట్లో ఐసు లేకుండా చేశానని నాకు పేరు.

సర్‌క్లిప్పు చివ్వున ఎగిరి
ఎదురింటి మునెమ్మ ముగ్గులో పడింది.
"తొక్కకుండా తీసుకో నాయనా" అందామె.
సుత్తి నాలుగు దెబ్బల్లో
ఒకటి నా బొటనవేలికే వేసింది.
"ఇంగొకటి పడితే పుత్తూరికే పోవాల, కట్టుకు"
చిక్కుడుకాయ తుంచుతూ కస్తూరి.

పాతది ఊడొచ్చింది.
కిరసనాయిల్లో కడిగి
వేలికి తొడిగి తిప్పాను.
మెత్తగా తిరిగింది. నోరెత్తలేదు.
అప్పుడే అనుమానం రావాల్సింది.

చల్లటిది వేడి ఇనుములోకి
పిల్లి గడపలోకి వచ్చినంత సులువుగా దిగింది.
ఆ ఒక్క క్షణానికి మాత్రం
సందంతా నాదే.

సాయంత్రం మొగిలి ఘాట్‌కు పోయాం, చూద్దామని.
మొదటి వంపు కుడికి. నిశ్శబ్దం.
మీసం మీదికి చెయ్యి పోయింది.
రెండోది ఎడమకు.
రాగులు.

కస్తూరి అద్దం దించి,
తల బయట పెట్టి విని,
మళ్లీ అద్దం ఎక్కించింది.
"నెల్నాళ్లుగా చెప్తానే ఉండాను,
నా కింద కాదు, నీ కింద అని."

ఎడమకు తిరిగితే
బరువంతా కుడి చక్రం మీద పడుతుంది.
మోసేదే మూలుగుతుంది.
ఇది నాకు తెలియక కాదు.
నా సీటు కిందిదని తోచలేదు, అంతే.

దిగేటప్పుడు ఆమె ఏమీ అనలేదు.
పలమనేరు లారీలు హారన్ కొట్టుకుంటూ దాటిపోయాయి.
బొటనవేలు సలుపుతోంది.

సోమవారం రాత్రి
ఫ్రీజరులో బటానీలు
కొంచెం పక్కకు జరిగాయి.
జరిపింది నేను కాదు.