ఎన్క అద్దం

సైదులు నెత్తి నాకు మా గల్లీ లెక్క తెల్సు.
ఎడమ చెవి మీద సుడి,
మెడ కాడ సైకిలు మీంచి పడ్డ గీత.
పుట్టెంటికలు మా నాయిన తీసిండు,
పదో తరగతి ఫోటోకు పాపిట నేను దీసిన.

పెండ్లిళ్ల వీడియోలు తీస్తడు.
మాఘమాసంల హాలియా ఫంక్షన్ హాలు మీద
డ్రోను లేపి, రాత్రి ఇంట్ల సూస్కుంటే
బంతిపూల నడుమ ఒకటే నెత్తి మెరుస్తున్నదట.
ఎవరీ పెద్దమనిషి అని దగ్గరికి గుంజి సూస్తే
ఆ మనిషి చేతిల రిమోటున్నది.

చిట్టీ ఎత్తిండు.
ఆషాఢంల ముహూర్తాలుండయని ఆ నెలే పట్టిండు.
ఒక్కో యేరుకు నలభై,
రెండు వేల ఆరువందల యేర్లు.
నా కటింగుకు ఎనభై.
అంటే నేను రెండెంటికల మనిషిని.
నవ్విన గాని, లోపల లెక్క ఆగలే.

"ముందుగాల గుండు జేస్తరట.
వాళ్లెందుకు, నువ్వే జెయ్యన్నా."
పది దినాల సంది సిగరెట్టు ముట్టలే,
తలనొప్పి గోలీ గూడ ఇడ్సిపెట్టిండు.
మిషిను పెడితే ఉన్న నాలుగు రాలినయి.
ఆ పూట దుకాణం ఊడ్వబుద్ధి గాలే.

హైదరాబాదుకు తోడు నేనే పోయిన.
సూదులప్పుడే కండ్లల్ల నీళ్లట,
తర్వాత నెత్తి మనది గాదట.
పొద్దుగాల బోర్ల పండవెట్టి ఎన్కకెల్లి తీసిన్రు,
పగటి బువ్వ పెట్టి
ఎల్లెల్కల పండవెట్టి నడినెత్తిన, ముంగట పెట్టిన్రు.
అద్దాల తలుపు బయట నేను,
చేతులు ఖాళీ,
ఆ నెత్తి మీద నేను లేకుంట ఎనిమిది గంటల పని.

కూసున్నట్టే పండుకోవాలె.
గోకొద్దు. హెల్మెట్టు పెట్టొద్దు. వాన సుక్క పడొద్దు.
మూడో దినం నొసలు ఉబ్బి కండ్ల మీదికి దిగింది,
తేనెటీగలు కుట్టినోని లెక్క.
గిట్లయితదని వాళ్లు ముందే జెప్పిన్రు.
చెప్పినా సరే, భయం చెప్పకుంటనే వస్తది.

పదో దినానికి పొక్కులు రాలినయి.
కింద నల్లగ, సన్నగ.
నాకు ఫోన్ల ఫోటో పంపిండు, మాట లేదు, ఫోటోనే.

ఇరవయ్యో దినం రాత్రి
షట్టరు దించుతుంటె వచ్చిండు.
పేపరు పొట్లం ఇప్పిండు:
తల్గడ మీదికెల్లి ఏరుకొచ్చిన పొట్టి పొట్టి ఎంటికలు.
"పోయినయన్నా. నలభై, నలభై, నలభై..."

ఇరవై ఏండ్ల సంది కత్తెర పట్టిన చెయ్యి,
ఏం జెప్పాల్నో తెల్వలే.
మా అండాలు అప్పుడే నాటుకెల్లి వచ్చి
పిక్కల బురద కడుక్కుంటున్నది.
తల ఎత్తకుంటనే అన్నది:
"పీకి పెట్టినంక ఆకు ఎర్రబడదా?
యేరు పట్టినంక కొత్తాకు రాదా?
రోజు పోయి సూస్తే పెరుగుతదా మడి?"
సైదులు పొట్లం మళ్ల మలిచిండు.
పారెయ్యలే, జేబుల పెట్టుకున్నడు.

శ్రావణం పెండ్లిళ్లు టోపీతోని తీసిండు.
కార్తీకం గూడ టోపీనే.
నాలుగో నెల నూగు.
దుకాణం ముంగట్నుంచే బండి మీద పోతడు,
చెయ్యి ఊపుతడు, లోపలికి రాడు.
నేనూ పిలువలే.

పదకొండో నెల, ఎండలు దంచుతుంటె
వచ్చి కుర్చీల కూసున్నడు.
"జెర సైజు జెయ్యన్నా. ఎక్కువ తియ్యకు."
కత్తెర నాదే, చెయ్యే కొత్తగున్నది.
కొసలు మాత్రం తీసిన.
కుడి కణత కాడ ఇంక పల్చగనే ఉన్నది,
గోలీలు ఆపితే పాతవి పోతనే ఉంటయట,
ఆ సంగతి ఇద్దరం మాట్లాడలే.

అయిపోయినంక ఎప్పటి లెక్కనే అడిగిండు:
"ఎన్క అద్దం పట్టు."

ఎన్క, యేర్లు తీసిన కాడ,
పాయ తీసి సూస్తే
గసగసాలు చల్లినట్టు తెల్ల సుక్కలు.
దువ్వెనకు దొరకయి,
డ్రోనుకు కనబడయి.
ఆడ ఒక దువ్వెన మందం ఎక్కువే ఇడ్సిన.

అద్దం జెర పైకి పట్టిన.