తోలు చెప్పింది

ఏ లడాయి ఎక్కువ కష్టమని
పెన్షన్ దినం ఇరానీ హోటల్ల కొట్లాడుకునేటోళ్లు.
చాయ్ చల్లారేది, మాట తెగకపోయేది.
ఆఖరికి బూట్లిప్పి చేత పట్టుకొని
ఫస్ట్ లాన్సర్ గల్లీల
మా సాయిలు తాత ముంగట పడేసేటోళ్లు:
"నువ్వు చెప్పు."

తాతకు అలిఫ్ రాదు, అఆలు రావు.
తోలు చదువుతడు.

జాఫర్ బేగ్ జమేదార్ బూటు ముందు.
ఆరె పెట్టి కుట్టు విప్పితె
గోధుమరంగు సన్నటి ఇసుక
తాత ఒడిలకు రాలింది.
మనిషి ఇల్లు చేరి రెండేండ్లాయె,
ఇసుక ఇంకా దిగుతనే ఉన్నది.
"రోజుకొక్క బుడ్డి నీళ్లు సాయిలూ.
తాగనీకె అదే, మొఖానికి అదే,
లారీకి దూపయితె దానికీ అదే.
ఒకనాడు లారీకే పోసినం."
ఎవరికి పొయ్యలేదో చెప్పలే.
తాత అడగలే. ఇసుకను జర్దా డబ్బీల పోసి మూత పెట్టిండు.
(గా డబ్బీ చానా ఏండ్లు మా ఇంట్ల ఉండె.
మా అమ్మ తెల్వక గిన్నెలు తోమింది.)

ఆశీర్వాదం, తిరుమలగిరి. బర్మా.
బూటు మాగిన జామపండు లెక్క,
వేలు పెడితె దిగింది.
నాడా బొక్కల ఎండిన జెలగ, చింతగింజంత.
ఈయన కంచరగాడిదలు తోలినోడు.
అరిస్తె దుష్మన్ వింటడని
డాక్టరొచ్చి వాటి గొంతుల నరం కోసిండట.
"నోరు తెరిచేటియి, సప్పుడు రాకపోయేది.
గుట్ట ఎక్కంగ, వానల నానంగ,
గుండు తాకి పడ్డంక గూడ
నోరు తెరిచేటియి."
చెప్పుకుంట తనూ తెరిచి చూపిచ్చిండు.
గల్లీల పోరగాండ్లు నవ్విన్రు.

గుండోజీది ఇటలీ, మంచు గుట్టలు.
ఎడమ బూట్ల మడతలు మడతలుగ
ఆ దేశపు అఖ్బారు, చలికి కుక్కింది,
పాదం అచ్చు దిగి చెక్కలెక్క అయింది.
దాంట్ల ఒక బొమ్మ మిగిలింది:
టోపీ పెట్టుకున్న ఆడమనిషి, నవ్వుతున్నది,
చెంప మీద మడిమె అరిగిన మచ్చ.
"ఒక చలికాలమంత ఆమె మీదనే నిలవడ్డ"
అన్నడు గుండోజీ, సిగ్గువడి.

ఎవరిది గెలుపో తాత తేల్చలే.
"మైనం ఎక్కువ పట్టేది బర్మాకే" అన్నడంతె.
ఆశీర్వాదం మీసం దువ్విండు.

గప్పుడు గోడనీడకు ఇంకొకాయన నిలవడి ఉండె.
యూసుఫ్ చావుష్, బార్కస్ నుంచి.
మలయాల దొరికిపోతె, ఓడ అడుగున ఏసి
ఏదో దీవికి కొంచవోయిన్రట. మూడున్నరేండ్లు.
కాళ్లకు ఏం లేవు.

"తోలుంటె మాట్లాడ్తది,
ఈయనను ఏమని చదవాలె?"
ఆ రాత్రి నాయినమ్మతోని అన్నడట తాత.

కొలతకు కాయితం పరిస్తె
"నాప్ నక్కో" అని వెనుకకు జరిగిండు.
జరిగిన కాడ, వానకు తడిసిన మన్నుల
అడుగు పడ్డది.
ఆయన పోయినంక తాత వంగి చూసిండు.
కుడికాలుకు మూడే వేళ్లు.
ఎండకు పగలకముందే
దాని మీద కాయితం అద్ది
లారీ టైరు కోసి జత చేసిండు.

చావుష్ వచ్చి చూసిండు. మాట్లాడలే.
హాలీ సిక్కా అర్ధరూపాయి ఇచ్చి
చెప్పులు చంకల పెట్టుకొని
ఉత్త కాళ్లతోనే పురానాపూల్ దిక్కు పోయిండు.

ఏడాదికొకపారి, మిరుగం ముంగట,
అవే చెప్పులు తెచ్చి పెట్టేటోడు.
వారు తెగలే. అడుగు అరగలే.
మన్ను గూడ అంటలే.
తాత ఆముదం రాసి, గుడ్డతోని తుడిచి,
తెగనిదానికి ఒక కుట్టు ఏసి,
పైసలు అడిగి మరీ తీసుకునేటోడు.
తీసుకోకపోతె
మల్ల రాడని.